లారీ కదలని ఎగుమతి

మా యింటికి రెండిండ్ల యవతల నొక పెద్దమ్మ యున్నది. రాయదుర్గము పల్లెగా నుండిన దినములనుండియు ఆమె యిచ్చటనే యున్నది. బండరాళ్ల నడుమ జొన్నచేలు, సీతాఫలపు పొదలు, మేకలమందలు ఆమెకు బాగుగా జ్ఞాపకము. ఒకనాటి సాయంకాలము నేను మేడపై నెండిన వడియములు తీయుచుండగా నామె వచ్చి కూర్చుండి, ఎదుట నిలిచిన అద్దాల భవనములవంక జూచి యిట్లనెను.

"బిడ్డా, ఇన్ని మేడలు గట్టిరి గదా. ఇండ్లకెళ్లి సరుకు నింపుకొని లారీ ఒక్కటన్న పోంగ నేను సూడలే. ఎగుమతి, ఎగుమతి అంటరు. ఏం పంపుతున్నరు వీండ్లు?"

నాకు వెంటనే సమాధానము తోచలేదు. నేను పుట్టినింట తండ్రిగారియొద్ద అమరకోశము, భారతము, మనుచరిత్రము చదువుకొన్నదానను. అర్థశాస్త్ర మన్నచో కౌటిల్యుని గ్రంథమని మాత్రమే యెరుగుదును. మావారు పాఠశాలలో సాంఘికశాస్త్రము బోధింతురు కనుక వారి పుస్తకములు దించి చదివితిని. తెలియనిచోట వారిని విసిగించితిని. పెద్దమ్మ ప్రశ్న సామాన్యమైనది కాదని అప్పుడు బోధపడినది. సోదరీమణులలో ననేకుల బిడ్డలు ఇట్టి మేడలలోనే పని చేయుచున్నారు. మన బిడ్డలు అమ్మునదేదో, కొనువా రెవరో, ఆ బేరము చెడిన నేమగునో తల్లులకు తెలియవలదా?

ముందు మాయూరి సంగతి. అనంతపురము జిల్లాలో రాయదుర్గమని వేరొక పట్టణము కలదు. అచ్చటివారు జీన్సు ప్యాంట్లు కుట్టుటలో ప్రసిద్ధులు. అవి లారీలలోనే పోవును. మాది హైదరాబాదునకు పడమట, గోలకొండ కోటకు సమీపముననున్న రాయదుర్గము. చెంతనున్న దుర్గముచెరువునుండి కుతుబ్‌షాహీల కాలమున కోటకు మంచినీరు పోయెడిదందురు. 1998 నవంబరులో సైబర్ టవర్సు భవనమును నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించిరి. 2019 నవంబరు 29వ తేదీన మెట్రోరైలు మా రాయదుర్గమునకు వచ్చినది. ప్రభుత్వపు లెక్కలలో తెలంగాణమునుండి జరిగిన సాఫ్ట్‌వేరు మొదలగువాని యెగుమతి 2013-14లో 57,258 కోట్ల రూపాయలు. 2022-23లో 2,41,275 కోట్లు. అప్పటికి ఆ పనులలో నున్నవారు తొమ్మిదిలక్షలకు పైబడిరి. ఇందులో ఒక్క బస్తాయైనను లారీ యెక్కలేదు.

ఎగుమతి యనగా సరుకు పొలిమేర దాటుట యని మనము తలంతుము. శాస్త్రజ్ఞుల దృష్టి సరుకుమీద గాక సొమ్ముమీద నుండును. పరదేశియొక్క ధనము మనదైన దేనికొరకు వచ్చినను అది యెగుమతియే. మన ధనము వారిదైన దేనికొరకు పోయినను దిగుమతియే. చేతితో పట్టుకొనదగిన సరుకైన నేమి, చేసిపెట్టిన పనియైన నేమి! పనికి వారు సేవ యని పేరిడిరి. సరుకుల వర్తకమునకు ఒప్పందములు మునుపే యుండెను గాని, సేవల వర్తకమునకు ప్రపంచ వాణిజ్య సంస్థతోపాటు 1995లో ఒప్పందము వచ్చినది. సేవ నాలుగు త్రోవలలో సరిహద్దు దాటునని అందు చెప్పిరి. చిత్రమేమన, ఆ నాలుగు త్రోవలును మావీధిలోనే కనబడుచున్నవి.

మా మీదివాటాలో అద్దెకున్న అమ్మాయి రాత్రియంతయు కంప్యూటరు ముందు గూర్చుండి అమెరికాలోని యొక భీమాకంపెనీ లెక్కలు సరిచూచును. మనిషి కదలదు, పని మాత్రము తీగవెంట పోవును. ఇది మొదటి త్రోవ. గచ్చిబౌలి ఆసుపత్రులకు విదేశములనుండి రోగులు బంధుసమేతముగా వచ్చి, వైద్యము చేయించుకొని, మన యంగళ్లలో కొని తిని పోవుదురు. కొనువాడే యిచ్చటికి వచ్చినాడు గనుక ఇది రెండవది. మూడవది అంగడినే తెచ్చి మనవీధిలో పెట్టుట. దానిని గూర్చి ముందు చెప్పెదను. నాల్గవది పనివాడే పరదేశమునకు బోయి పనిచేసి వచ్చుట.

ఇందులో నన్ను నివ్వెరపరచినది రెండవ త్రోవ. నా తమ్ముడు 2024లో పై చదువునకు అమెరికా వెళ్లెను. ఇంటిల్లిపాదియు గర్వించితిమి, వీధివారికి మిఠాయిలు పంచితిమి. లెక్కలో జూచినచో అది మనకు దిగుమతి! వాడు వెళ్లి వారి విద్యను మన రూకలతో కొనుచున్నాడు. 2023-24లో అమెరికాలో చదువుకొను భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ యేడు ఏ యితర దేశమునుండియు అంతమంది లేరు. వారిలో తెలుగుబిడ్డలు మెండు. మన పొలములు, నగలు ఫీజులై సముద్రము దాటిపోవుటను ఎగుమతి యనుకొని మురియుచున్నాము.

ఇక మూడవ త్రోవ. మెట్రో స్టేషనునకు చేరువలోనే స్వీడను దేశపు ఐకియావారి అంగడి కలదు. భారతదేశములో వారి మొదటి యంగడి యిదియే. 2018 ఆగస్టు 9న తెరచిరి. మొదటి దినములలో జనసమ్మర్దమునకు పోలీసులు దారి చూపవలసి వచ్చెను. పెద్దమ్మను వెంటబెట్టుకొని యొకనాడు పోతిని. పీటలు, గరిటెలు, తలగడలు చూచుచు ఆమె రెండుగంటలు తిరిగి, "మన వడ్లోల్లు చెయ్యలేరా ఇవి?" అని యడిగినది. సరిగా ఆ ప్రశ్ననే ప్రభుత్వమువారును వేసికొనిరి. 2012లో ఇట్టి యొకే పేరుగల విదేశపుటంగళ్లకు నూటికి నూరుపాళ్లు సొంత పెట్టుబడి పెట్టుకొన ననుమతించినప్పుడు, కొను సరుకులో నూటికి ముప్పది వంతులు ఇచ్చటివారియొద్దనే కొనవలెనని నియమము పెట్టిరి. ద్వారము తెరచిరి గాని గొళ్లెము చేతిలోనే యుంచుకొనిరి. వాణిజ్యవిధాన మనగా ఇట్టిదే: ఎంత తెరవవలెను, ఎవరికి, ఏ షరతుతో నను నిర్ణయము.

అసలు కొననేల? మనమే అన్నియు చేసికొనరాదా? ఈ సందేహమునకు 1817లో డేవిడ్ రికార్డో యను ఇంగ్లీషువాడు చెప్పిన సమాధానము ఇప్పటికిని పాఠ్యపుస్తకములలో నున్నది. ఆయన ఉదాహరణ మిది. కొంత బట్ట నేయుటకు ఇంగ్లాండులో 100 మంది యేడాది పాటుపడవలెను. కొంత ద్రాక్షసారాయము చేయుటకు 120 మంది. పోర్చుగలులో ఆ బట్టకు 90 మంది, ఆ సారాయమునకు 80 మంది చాలుదురు. పోర్చుగలువారు రెండింటను నేర్పరులే. అట్లైన వారు ఇంగ్లాండుతో బేరమేల చేయవలెను? సారాయము చేసి పంపి బట్ట తెచ్చుకొన్నచో 90 మంది పని వారికి 80 మంది శ్రమతో దొరకును. ఇంగ్లాండువారికిని 120 మంది పని 100 మంది శ్రమతో దొరకును. ఇరువురికిని లాభమే.

ఇది మొదట నాకు వంచనవలె తోచినది. పిమ్మట మా యింటినే చూచుకొంటిని. అంట్లు తోమ వచ్చునామెకన్న అంట్లు నేనే వేగముగా తోమగలను. ఇది గొప్ప కాదు. ఆ గంటలో నేను నలుగురు పిల్లలకు ఛందస్సు చెప్పినచో ఆమెకు జీతమిచ్చియు నాకు మిగులును. ఆమె యింటను పొయ్యి వెలుగును. ఎవరు దేనిలో మిన్న యనుట కాదు ప్రశ్న. ఆ గంటలో దేనిని వదలుకొనుచున్నా మనుటయే ప్రశ్న.

ఐనను రికార్డోగారి లెక్కలో నా కొక కొరత కనబడుచున్నది. పోర్చుగలులో మగ్గము వదలిన ఆ 90 మందిని ద్రాక్షతోటలోనికి ఎవరు తోడుకొని పోయిరి? దేశమునకు లాభమే కావచ్చును. మగ్గమువానికి లాభమగుటకు మాత్రము మరి యెవరో పూనుకొనవలెను. లెక్క వ్రాయువారు ఆ సాలెవాని యిల్లాలిని అడిగినట్లు లేదు.

సాలెవారి మాట వచ్చినది గనుక గోలకొండ కథ చెప్పక తీరదు. మా మేడపైనుండి కనబడు ఆ కోట యొకప్పుడు ప్రపంచవర్తకమునకు తలవాకిలి. వజ్రములకై టావర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు పదిహేడవ శతాబ్దిలో పలుమారులిటు వచ్చెను. కోటకు రేవు మచిలీపట్టణము. డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును అచ్చట దిగిరి. వారికి కావలసినది మన కలంకారీ బట్ట, అద్దకపు బట్ట. ఉతికినను వెలవని యా రంగులను చూచి ఐరోపా స్త్రీలు మోహపడిరి. పట్టు, ఉన్ని నేయు అచ్చటివారు గగ్గోలుపెట్టిరి. ఫ్రాన్సువారు 1686లో ఇట్టి బట్టలను నిషేధించిరి. ఇంగ్లాండు పార్లమెంటు 1700లో అద్దకపు బట్టల దిగుమతిని, 1721లో వాని ధారణమునే నిషేధించుచు చట్టములు చేసెను. తమ యాడువారు ఏ చీటీగుడ్డ కట్టవలెనో పార్లమెంటు తీర్మానించినది! తరువాత ఆ దేశపు మిల్లులు బలిసి, మన విపణినే తమ బట్టతో నింపినవి. స్వేచ్ఛావర్తకము మేలని ఇంగ్లాండువారు ఉపదేశించినది తాము బలపడిన తరువాతనే.

సుంకమునుగూర్చి మన పూర్వులును ఎరుగనివారు కారు. కౌటిల్యుడు శుల్కాధ్యక్షుని ప్రకరణమున, లోనికివచ్చు సరుకుపై సామాన్యముగా వెలలో నైదవవంతు సుంకమని చెప్పెను. దేశమునకు హానియగు సరుకును రానీయవలదనియు, మిక్కిలి యుపకరించు సరుకును, దుర్లభమగు విత్తనమును సుంకము లేకయే రానీయవలెననియు చెప్పెను. ఇంతకు మించి నేటివారు చెప్పిన దేమో నాకు తెలియదు. పాటించుటయే కష్టము, ఏది హాని, ఏది యుపకార మనుచోట గట్టిగా కేకవేయువాడే గెలుచును.

సుంకమును చెల్లించు వాడెవడను విషయమున మనలో పొరపాటు కలదు. 2025 ఆగస్టు 27నుండి అమెరికావారు భారతదేశపు సరుకులలో పెక్కింటిపై నూటికి 50 వంతుల సుంకము విధించిరి. "మనవారు వారికి పన్ను కట్టవలెనట" యని మా వీధిలో నందరును ననిరి. కాదు. రేవులో సుంకము కట్టువాడు అచ్చటి దిగుమతిదారుడు. అతడు దానిని కొంత తన గిరాకీదారుల నెత్తిన వేయును. కొంత మన అమ్మకపువానిని వెల తగ్గించుమని పీడించును. రెండును సాగనిచో వేరొక దేశమువానియొద్ద కొనును. భీమవరము ప్రాంతమున రొయ్యల చెరువులవారికి ఆ యేట జరిగిన దిదియే. మన రొయ్యలకు పెద్ద గిరాకి అమెరికా. ఈక్వెడారు దేశపు రొయ్యపై సుంకము తక్కువ. ఇచ్చట చెరువుగట్టున వెల పడిపోయెను. రొయ్యలు వలిచి శుభ్రపరచు కర్మాగారములలో పనివారు మిక్కుటముగా స్త్రీలే. వాషింగ్టనులో వ్రాసిన యంకె వారి దినకూలిలో కనబడును. ఆ సుంకముల లెక్క తరువాతను మారుచునే వచ్చినది. మారుటయే వర్తకునకు సుంకముకన్న పెద్దబాధ యని రొయ్యల వ్యాపారము చేయు మా దూరపు బంధువు చెప్పుచుండును.

మరి మా మీదివాటా అమ్మాయి పంపు పనికి సుంకము లేదేల? తీగలో పోవుదానిని రేవుపట్టణపు గుమాస్తా తూచలేడు. అంతేకాదు, తీగద్వారా జరుగు ప్రసారములపై సుంకము వేయరాదని ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశములు 1998లో తాత్కాలికముగా నొప్పుకొనిరి; సైబర్ టవర్సు తెరచిన యేడే. ఆ మాటను 2024 వరకును పొడిగించుచు వచ్చిరి. దీనివలన తమకు రావలసిన రాబడి పోవుచున్నదని భారతదేశమే పలుమారులు ఆక్షేపించినది. ఏలయన సినిమాలు, పాటలు, ఆటలు తీగవెంట మన యిండ్లలోనికిని వచ్చుచున్నవి కదా. అమ్మునప్పుడు తీపి, కొనునప్పుడు చేదు.

సరుకునకు సుంకమున్నట్లే మనిషికిని సుంకము పుట్టినది. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంపు, హెచ్-1బి వీసాపై క్రొత్తగా విదేశమునుండి ఉద్యోగిని పిలిపించుకొను యజమాని లక్ష డాలర్లు చెల్లింపవలెనని ప్రకటన చేసెను. నాల్గవ త్రోవకు అడ్డుగా గేటు పడినది. ఆ రాత్రి మా తమ్ముడు ఫోను చేసి చాలసేపు ఏమియు మాటాడలేదు. నేనును ఊరకుంటిని. అడ్డు వచ్చినది అచ్చటి నౌకరులను కాపాడుటకని వారందురు; మచిలీపట్టణపు బట్టను నిషేధించినవారును అట్లే యనిరి. మనము మగ్గములవారికై యట్టి రక్షణ కోరినప్పుడు న్యాయమనిపించినది, వారు తమవారికై కోరినప్పుడు అన్యాయమేల యగునని మావారు నన్నడిగిరి. నేను సమాధానము చెప్పలేదు. తమ్ముని తలచుకొన్నప్పుడు న్యాయము తూచు ఓపిక నాకు లేదు.

వాని ఫీజు లెక్క యొకటి చూపెదను. పుట్టింటివారు పొలము తాకట్టుపెట్టి అప్పు తెచ్చిరి. పదివేల డాలర్ల వాయిదా 2024లో, డాలరు సుమారు 83 రూపాయలుండగా, 8,30,000 రూపాయలు. 2025 డిసెంబరులో డాలరు మొదటిసారి 90 దాటెను. అదే పదివేలకు 9,00,000. కళాశాలవారు ఒక్క డాలరు హెచ్చింపలేదు. మాకు డెబ్బదివేలు హెచ్చినది. అదే దినమున మీదివాటా అమ్మాయి కంపెనీకి వచ్చిన ప్రతి డాలరునకును ఏడు రూపాయలు కలిసివచ్చినవి. ఒకే కప్పుక్రింద రూపాయి పతనము క్రింది యింట శోకము, మీది యింట లాభము. రూపాయి పడుట దేశమునకు అవమాన మనువారును, ఎగుమతికి మేలనువారును సగము సగమే చెప్పుచున్నారు. ఎవరి సొమ్ము ఏవైపునకు పోవుచున్నదో అడుగవలెను.

దేశమంతటి లెక్కయు ఇట్లే చూడవచ్చును. 2024-25లో భారతదేశము పరదేశములకు అమ్మిన సరుకు సుమారు 43,700 కోట్ల డాలర్లు. కొన్నది సుమారు 72,000 కోట్లు. నూనె, బంగారము, యంత్రపు భాగములు కొన్నవానిలో ముఖ్యములు. అనగా సరుకులలో 28,000 కోట్లకు పైగా లోటు. ఈ లోటు దేనితో పూడుచున్నది? సేవల నమ్మగా వచ్చినది సుమారు 38,700 కోట్లు. వారి సేవలు కొన్నది పోను 18,000 కోట్లకు పైగా మిగులు. గల్ఫులోను, అమెరికాలోను ఉన్న మనవారు ఇంటికి పంపినది 13,000 కోట్లకు పైమాట. ఇంకను కొంత లోటు నిలుచును, వడ్డీలును విదేశకంపెనీల లాభములును బయటికి పోవును గనుక. పెద్దమ్మకు నేను చివరకు చెప్పిన జవాబిదియే: లారీ కదలకున్నను, బండిలో పోయు పెట్రోలునకు డబ్బు ఈ మేడలనుండియే కొంత వచ్చుచున్నది.

ఈ పద్దు సరిపడనియెడల నేమగునో నేను తొట్టిలో నున్న యేటనే దేశము చూచినది. 1991లో ప్రభుత్వము చేతనున్న విదేశీధనము రెండు మూడు వారముల దిగుమతులకు మాత్రమే చాలునట్లుండెను. మే నెలలో 20 టన్నుల బంగారమును స్టేటుబ్యాంకు ద్వారా స్విట్జర్లాండునకు పంపిరి. అది దొంగరవాణావారినుండి పట్టుకొన్న బంగారము. జులైలో రిజర్వుబ్యాంకు తన బంగారము సుమారు 47 టన్నులు ఇంగ్లాండు బ్యాంకునకు తరలించి, దానిపై సుమారు 40 కోట్ల డాలర్లు అప్పు తెచ్చెను. ఓరుగల్లు సీమ లక్నేపల్లెలో జన్మించిన పి.వి. నరసింహారావుగారు జూను 21న ప్రధానమంత్రియైరి. జులై 1న, మరల 3న రూపాయి విలువ తగ్గించిరి. ఆ నెలలోనే దిగుమతి లైసెన్సుల బంధములు సడలనారంభించినవి. నగ తాకట్టుపెట్టునప్పటి ముఖము మన యాడువారికి క్రొత్త కాదు. ఒక రాజ్యము ముఖము అట్లుండునని అమ్మ చెప్పగా విన్నాను.

బంగారమువద్ద మాత్రము మనమును దోషులమే. గనులనుండి మన దేశమున లభించునది స్వల్పము. కొనునది దాదాపు అంతయు పరదేశపుదే. దానిని తగ్గింపదలచి 1963లో ప్రభుత్వమువారు నగలు 14 క్యారట్లకు మించరాదని నియమము చేసిరి. ఆడువారు వినిరా? దొంగబంగారము వచ్చెను, కంసాలులు వీధిన పడిరి. ఆ వరుసలోని చట్టమును 1990లో రద్దుపరచిరి. 2024 జులైలో బంగారముపై దిగుమతి సుంకమును నూటికి 15 నుండి 6కు తగ్గించిరి. సుంకము మితిమీరినచో దొంగత్రోవ లాభసాటి యగునని అనుభవము. ఈ వాక్యము వ్రాయుచు నా చేతి గాజులవంక చూచుకొంటిని. వానిని తీసివేసితినని చెప్పను.

లెక్కలు విని పెద్దమ్మ తృప్తిపడలేదు. "ఇదంత ఒక్క అమెరికావోడే కొంటడా?" యనెను. పెద్దభాగమంతే యంటిని. ఆమె కొంచెము సేపు యోచించి, తాను చిన్నతనమున సీతాఫలములు గంపనెత్తుకొని పట్టణమునకు పోవునప్పుడు ఎన్నడును ఒక్క వీధికే పోలేదనెను. కార్వానున సగము, మెహదీపట్టణమున సగము అమ్మెడిదట. జపాను, జర్మనీ మొదలగు దేశముల పనులను గూడ వెదకుచున్నారని నేనంటిని. ఆ భాషలు నేర్పు తరగతులకు మీదివాటా అమ్మాయి శనివారములందు పోవుచున్నది. జర్మను క్రియాపదములు వాక్యము చివర పడుట మన తెలుగువలెనే యున్నదని చెప్పి నవ్వును.

నవంబరు మొదటి ఆదివారమున అమెరికావారు తమ గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. ఆ మరునాటినుండి మా మీదివాటాలో దీపము ఒక గంట యాలస్యముగా నారును. అమ్మాయి ఒక గంట యాలస్యముగా దిగివచ్చి కాఫీ యడుగును. నేను డికాక్షను ఒక గంట యాలస్యముగా వేయుదును. మార్చిలో మరల మారును. ఈ యేడు ఆ తేదీని మావారు గోడ క్యాలెండరుపై ఎర్రసిరాతో గురుతుపెట్టిరి.